చంద్రకాంతమ్మ కొసరు

బోణీ చేసే చేతిలో నిజంగా ఏదైనా ఉంటుందా, లేక ఉందనుకునే మనసులోనే ఉంటుందా? ఉప్పు అమ్ముకునే చెంగల్రాయుడికి ఈ సందేహం పదకొండేళ్ళుగా ఉంది. పూజలో కూర్చుని దేవుణ్ణి అడిగాడు, జవాబు రాలేదు. భార్యను అడిగితే, "ముందు బండికి కందెన పెట్టుకో పో" అంది.

సందేహం ఊరికే రాలేదు. పాకాలకు రెండు క్రోసుల దూరంలో, గుట్ట కింద బయల్లో, ప్రతి బుధవారం సంత జరిగేది. మంగళవారం పొద్దున చూస్తే అక్కడ పల్లేరుకాయలు తప్ప ఏమీ ఉండవు. బుధవారం తెల్లవారేసరికి మూడు వందల మూటలు దిగి ఉంటాయి. చాటింపు వేసేవాడు లేడు, రమ్మని పిలిచేవాడు లేడు. యుద్ధం వచ్చి కిరోసిన్ కరువై, బియ్యానికి కంట్రోలు వచ్చినా ఆ సంత మాత్రం ఒక్క వారం తప్పలేదు. చెంగల్రాయుడు బండి దిగి ఆ బయలంతా కలయజూసిన ప్రతిసారీ, ఇంతమందిని ఇక్కడికి నడిపించే చెయ్యి ఎవరిదా అని నోరు తెరుచుకుని నిలబడేవాడు.

ఆ సంతకొక కట్టు ఉంది. ఉప్పు లక్ష్మి గనక ముందు ఉప్పు బోణీ కావాలి. అది కానిదే ఎవరూ మూట విప్పరు, తక్కెడ ఎత్తరు. చెంగల్రాయుడు పడి కొలపాత్రతో మొదటి కొలత నింపి, ఒకటి అనకుండా "లాభం!" అని కేక పెడతాడు. ఆ కేకతో మూడు వందల మూటల ముళ్ళు ఒక్కసారిగా ఊడతాయి. గోతాల చప్పుడు, తక్కెడల చప్పుడు, మనుషుల గొంతులు, అన్నీ కలిసి గుట్ట మీద వాన దిగినట్టు వినిపిస్తాయి. వినడం అలవాటైనా ఏ వారమూ అతని ఒళ్ళు జలదరించకుండా ఉండలేదు.

ఆ బోణీ చేసే చెయ్యి పదకొండేళ్ళ పాటు చంద్రకాంతమ్మది. పక్క పల్లెలో సేద్యం చేసుకునే ఇల్లాలు. రూపాయి కాసంత బొట్టు, రెండు చేతుల నిండా గాజులు. ఆమె చెయ్యి తగిలితే సరుకు మిగలదని సంతంతా నమ్మేది.

మూడు నెలల కిందట ఆమె భర్త పోయాడు. అప్పటినుంచి కరణం గారి కోడలు వసంతమ్మ వచ్చి బోణీ చేస్తోంది. ఈ బుధవారం ఆమె రాలేదు. పురిటికి పుట్టింటికి వెళ్ళిందని కబురొచ్చింది. బారెడు పొద్దెక్కింది. మూటలన్నీ మూతి కట్టుకుని కూర్చున్నాయి.

అప్పుడు బండ్ల వెనకనుంచి చంద్రకాంతమ్మ వచ్చింది. బోసి నుదురు, బోసి చేతులు. తల నిండా కొంగు కప్పుకుని, ఉప్పు బండికి పది బారల దూరంలోనే ఆగిపోయింది. ఆమెను చూసి కొందరు ముఖం తిప్పుకున్నారు.

"ఈ పొద్దే రావల్నా ఆయమ్మ? బోణీ అన్నా కానీకపాయె," అని గొణిగింది మిరపకాయల తాయమ్మ.

"ఏంది తాయమ్మా ఆ మాట?" అన్నాడు పక్కనే బెల్లం దిమ్మల ముందు కూర్చున్న సుల్తాన్. "పోయిన ఏడు ఆ చెయ్యి తగలంది నీ మిరపకాయ ఒకటన్నా కదిలిందా?"

"అప్పుడు ముత్తైదువప్పా!"

"చెయ్యి అదే గదా?"

"చెయ్యి అదే. గాజులు యాడ?"

ఆ మాటలు చంద్రకాంతమ్మకు వినిపించే ఉంటాయి. ఆమె తల ఎత్తకుండానే, "రాయుడూ, బోణీకి రాలేదులే, భయపడబాక. నా బాకీ కోసం వచ్చినా," అంది.

ఆ బాకీ ఏమిటో చెంగల్రాయుడికి తెలుసు. అతను మొదటిసారి ఈ సంతకు వచ్చిన రోజు జడివాన. కొత్తవాడి తడి ఉప్పు ఎవరూ ముట్టలేదు. ఆమె ఒక్కతే నాలుగు పడుల ఉప్పు కొలిపించుకుంది. కొలత అయ్యాక పైన ఒక గుప్పెడు కొసరు వెయ్యడం వర్తకుడి ధర్మం. అతను సిగ్గుపడుతూ, "తడి కొసరు ఇయ్యలేనక్కా, వచ్చే వారం పొడిది ఇస్తా," అన్నాడు. తరువాతి వారం ఇవ్వబోతే ఆమె నవ్వి, "ఉండనీలే. బాకీ ఉంటే మల్లా వస్తావు," అంది. ఆ పరాచికం పదకొండేళ్ళు నడిచింది. "వడ్డీ కడితే నీ బండి నాదేరా అబ్బా," అని ఆమె నవ్వని బుధవారం లేదు.

ఇప్పుడు అడుగుతోందంటే, తెంచుకుని పోవడానికే.

"ఇంక ఈ సంతకు రాను. ఆ గుప్పెడు ఏసేస్తే ఎల్లిపోతా," అంది.

చెంగల్రాయుడు గోతంలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు ఉప్పు తీశాడు. తీసిన చెయ్యి పైకి లేవలేదు. వేస్తే బాకీ తీరుతుంది, ఆమె వెళ్ళిపోతుంది, ఎవరూ అతన్ని తప్పు పట్టరు. కాదని ఆమె చేత బోణీ చేయిస్తే, ఈ వారం ఏ ఒక్కరి సరుకు మిగిలినా ఆ పాపం తన నెత్తినే పడుతుంది. సంతనుంచి వెళ్ళగొట్టినా కొట్టగలరు. ఇంట్లో నలుగురు పిల్లలు.

తిరుమల కొండలున్న దిక్కుకు తిరిగాడు. స్వామీ, మూడు నెలల కింద ఈ చేతిలో ఉన్నది ఇప్పుడు యాడికి పోయింది? బలం గాజులదే అయితే, గాజుల మలారం మోసుకుని సంతలో అమ్మే నవాబు వచ్చి బోణీ చేస్తే సరిపోదా? కొండ ఎప్పటిలాగే మంచులో నీలంగా ఉంది.

గుప్పిట్లోని ఉప్పు గోతంలోకి వదిలేశాడు.

"అక్కా, కొనకుండా కొసరు యాడన్నా ఇస్తారా?" అన్నాడు, సంతంతా వినేటట్టు. "కొలిచినాకనే కొసరు. నా దగ్గర కొను, ఇస్తా."

చంద్రకాంతమ్మ తల ఎత్తింది. "వద్దు రాయుడూ. ఇంతమంది పొట్ట కొట్టబాక."

"కొంగు పట్టక్కా."

"రాయుడప్పా! పిచ్చి గానీ పట్టిందా నీకు?" అని తాయమ్మ లేచి నిలబడింది.

"పట్టింది తాయమ్మా. నీకు ఇష్టం లేకపోతే మూట ఇప్పబాక. ఎవురూ నిన్ను బలవంతం సేయరు."

చంద్రకాంతమ్మ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది. రొంటిన దోపుకున్న అణాబిళ్ళ తీసి గోతం మీద పెట్టింది. చెంగల్రాయుడు ఆ బిళ్ళను రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. పడి నింపాడు. తల కొట్టకుండా, రాశి పోసినట్టు నింపి, "లాభం!" అని కేక పెట్టాడు.

ఒక్క ముడి ఊడలేదు.

అంత నిశ్శబ్దం ఆ బయల్లో అతను ఎన్నడూ వినలేదు. ఎక్కడో ఒక ఎద్దు మెడ కదిలిస్తే గంట మోగింది. పడి అతని చేతిలోనే ఉండిపోయింది. పదిమంది నమ్మితేనే అది లాభం, లేకపోతే ఉత్త కేక అని అతనికి అప్పుడు తెలిసింది.

సుల్తాన్ లేచాడు. బెల్లం గోతం ముడి పళ్ళతో లాగి విప్పాడు. అతని పక్కన కుండలవాడు గడ్డి తొలగించాడు. ఆ తరువాత నువ్వుల మూట, ఆ తరువాత కంబళ్ళ మూట. ఎప్పటిలా ఒక్కసారిగా కాదు. ఒకరి తరువాత ఒకరు, ఎవరికి వారు ఆలోచించుకుని, ఎవరి ముడి వారు విప్పుకుంటూ పోయారు. ఆ చప్పుడు గుట్ట దాకా పాకి, అక్కడనుంచి తిరిగి వచ్చి అతన్ని ముంచేసింది. పదకొండేళ్ళలో ఏ కేకకూ ఇంత చప్పుడు పుట్టలేదు. చెంగల్రాయుడు రెండు చేతులూ జోడించాడు. ఎవరికి మొక్కుతున్నాడో అతనికే తెలియదు.

తాయమ్మ మాత్రం మూట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఒక ముసలాయన వచ్చి, "మిరపకాయలు ఎట్టమ్మా?" అన్నాడు. ఆమె అటు చూసింది, ఇటు చూసింది. "ఈ ముడి ఒకటి, సచ్చినా రాదు!" అని విసుక్కుంటూ విప్పింది.

చంద్రకాంతమ్మ పడెడు ఉప్పు కొంగులో పోయించుకుని అక్కడే నిలబడి ఉంది. చెంపల మీద నీళ్ళు తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు.

"ఇంగ కొసరు," అంది.

చెంగల్రాయుడు గోతం లోపలినుంచి, తడి తగలని చోటునుంచి, గుప్పిలి పట్టినంత ఉప్పు తీసి ఆమె కొంగులో పోశాడు. ఆమె దాన్ని ఒక్క క్షణం చూసి, కొంగు ముడి వేసుకుంది.

"తీరింది రాయుడూ," అంది.