మాడిన పప్పు, ఇటలీ పాట

ఫోన్ పెట్టేసిన మరుక్షణం సదాశివరావుకు గుర్తొచ్చింది. ఆ గొంతును చెరిపేసింది తనే.

"ఆదివారం తప్పకుండా రండమ్మా, క్యాసెట్ భద్రంగా ఉంది" అని అప్పుడే చెప్పాడు. ఘాజియాబాద్ నుంచి ఫోన్ చేసింది భవ్యశ్రీ, రామమూర్తి కూతురు. రామమూర్తి ఇక ఫోన్లో మాట్లాడలేడు. పోయిన డిసెంబరులో, తొంభై ఆరు చివర్లో, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది. గొంతు పోయింది.

"అంకుల్, ఇంట్లో నాన్న గొంతు రికార్డ్ చేసింది ఒక్కటీ లేదు. మీ దగ్గరున్న ఇటలీ క్యాసెట్లో ఉందట. ఒక్కసారి వినాలని రాసి చూపించారు" అంది ఆ పిల్ల. కాస్త ఆగి, "నాకూ వినాలనుంది. ఎలా ఉండేదో... ధీరే ధీరే భూల్ రహీ హూఁ, మెల్లమెల్లగా మర్చిపోతున్నా" అంది.

సరోజినీ నగర్ క్వార్టర్లో, బీరువా ముందు చతికిలబడ్డాడు సదాశివరావు. క్యాసెట్ చేతిలోనే ఉంది. లోపల ఉండాల్సింది లేదు.

డెబ్బై ఎనిమిదిలో ఇదే ఊళ్ళో, మునిర్కాలో, ఇద్దరిదీ ఒకటే గది. ఇద్దరూ యూనివర్సిటీ విద్యార్థులు. మేడ మీద గదిలో ఉండే ఇటలీ అమ్మాయి మర్నాడు తన దేశం వెళ్ళిపోతూ, తన రికార్డు ప్లేయరుతో సహా ఒక ఎల్పీని ఆ ఒక్క సాయంత్రానికి ఇచ్చింది. అట్ట మీద గడియార స్తంభాన్ని మింగుతున్న చేప. "దీన్ని మా ఊళ్ళోనే ఎవరూ వినలేదు" అని నవ్వింది.

విన్నారు. ఆర్గన్ ఉరిమింది. డ్రమ్ములు తరుముకొచ్చాయి. ఎవడో గుండె చించుకుని పాడాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇద్దరికీ ఒళ్ళు జలదరించింది.

"దీన్ని వదలకూడదురా" అన్నాడు సదాశివరావు.

టేప్ రికార్డరు అరువు దొరికింది. కలిపే వైరు దొరకలేదు. పుస్తకాల దొంతర మీద దాన్ని స్పీకరుకు ఎదురుగా పెట్టి, గాల్లోంచే రికార్డ్ చేశారు. గదిలో ఎప్పుడూ ఉన్న చట్టమే ఆ పూటా అమలైంది. పాట నడుస్తున్నంతసేపూ, అయ్యాక కూడా, ముందు నోరు విప్పినవాడే గిన్నెలు తోమాలి.

రెండో వైపంతా ఒకటే పాట. దాని సగంలో హోరంతా ఆగి, ఒంటరిగా పిల్లనగ్రోవి మొదలైంది. సరిగ్గా అప్పుడే మూల కిరసనాయిలు స్టవ్వు మీద కుక్కరు కూత వేసింది. ఒకటి. రెండు. మూడు. వాసన వచ్చింది. రామమూర్తి పంటి బిగువున ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేకపోయాడు.

"ఒరేయ్ సదా, పప్పు మాడిపోతోందిరా!"

ఆ కేక క్యాసెట్లో పడిపోయింది. పెళ్ళయింది, ఛాయాదేవి వచ్చింది, ప్రమోషన్ వచ్చింది, క్వార్టర్లు మారాయి. ఎప్పుడు విన్నా పిల్లనగ్రోవి, కూత, రామమూర్తి. ఛాయాదేవి ప్రతిసారీ నవ్వేది. సదాశివరావు ప్రతిసారీ పళ్ళు నూరేవాడు. రెండేళ్ళ క్రితం సహోద్యోగి ఒకడు రోమ్ వెళ్తుంటే చీటీ రాసిచ్చి ఆ ఆల్బమ్ సీడీ వెతికించాడు. ప్లేయరు అరువు తెచ్చి, ఈసారి వైరు తగిలించి, పాత రికార్డింగు మీదే కొత్తది ఎక్కించాడు. మంచి టేపు కదా, మళ్ళీ దొరకదని. కూత లేదు, కేక లేదు. శుభ్రం.

ఆ శుభ్రమైన పాటను రెండుసార్లు కూడా వినలేదు. ఎందుకో అప్పట్లో తెలియలేదు.

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేయండి" అంది ఛాయాదేవి.

"ఏమని? వాడి గొంతు నేనే తుడిచేశాననా?"

"ఆదివారం ఆ పిల్ల ముందు బయటపడితే బాగుంటుందా?"

బాగుండదు. అయినా ఫోన్ చేయలేకపోయాడు.

ఆదివారం పదకొండుకల్లా వచ్చేశారు. రామమూర్తి సగానికి సగం తగ్గాడు. మెడకు పల్చటి మఫ్లరు, జేబులో ప్యాడు, పెన్ను. గుమ్మంలోనే రాసి చూపించాడు. "జుట్టేదిరా?"

"నీ గొంతుతో పాటే పోయింది" అనేసి నాలిక్కరుచుకున్నాడు సదాశివరావు.

రామమూర్తి భుజాలు కదిలేలా నవ్వాడు. చప్పుడు లేదు.

టీలయ్యాయి. రామమూర్తి ఛాయాదేవికి ప్యాడు చూపించాడు. "ముందు స్టవ్వు ఆర్పెయ్యమ్మా."

"ఆర్పేశానన్నయ్యా" అందామె. మొగుడి వైపు ఓ చూపు చూసింది. చెప్పమని.

"రామమూర్తీ, వినే ముందు ఒక మాట..." అన్నాడు సదాశివరావు.

రామమూర్తి పెదవుల మీద వేలు పెట్టాడు. చట్టం. తనే చెయ్యి చాచి, క్యాసెట్ రెండో వైపు పెట్టి, బటన్ నొక్కాడు.

ఆర్గన్ ఉరిమింది. భవ్యశ్రీ మోకాళ్ళు దగ్గరికి లాక్కుని నేల మీద కూర్చుంది. రామమూర్తి కళ్ళు మూసుకుని ఒక్కో డ్రమ్ము దెబ్బకూ ముందే తల ఊపుతున్నాడు. ఇరవై ఏళ్ళయినా ఒక్క దెబ్బ మర్చిపోలేదు. హోరు ఆగింది. పిల్లనగ్రోవి మొదలైంది. రామమూర్తి కళ్ళు తెరిచి, కూతురి వైపు చూసి, వేలు పైకెత్తాడు. ఇప్పుడే.

కూత రాలేదు. కేక రాలేదు. పిల్లనగ్రోవి నిక్షేపంగా సాగిపోయింది.

ఎత్తిన వేలు కాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా దిగింది. రామమూర్తి స్నేహితుడి మొహం చూశాడు. అంతా అక్కడే చదువుకున్నాడు. ప్యాడు ముట్టుకోలేదు. భవ్యశ్రీ ఇంకా టేప్ రికార్డరు వైపే చూస్తోంది.

పాట అయిపోయింది. ఎప్పటి అలవాటుగానే సదాశివరావు చెయ్యి బటన్ మీదికి వెళ్ళింది. రామమూర్తి మణికట్టు పట్టేశాడు. ఊహూఁ అన్నట్టు తల ఊపాడు. అయ్యాక కూడా.

టేపు ఖాళీగా తిరుగుతోంది. ఇక సదాశివరావు వల్ల కాలేదు.

"నన్ను క్షమించరా. రెండేళ్ళ క్రితం నేనే..."

టేపులో టక్‌మని ఏదో పడింది. రికార్డు మీద ముల్లు గీసుకుంటున్న చప్పుడు. పాత ఫ్యాను కిర్రుకిర్రు. ఆపైన ఒక గొంతు. బండగా, పడుచుగా, తెనాలి యాసలో.

"ఏంట్రా ఆ చూపు? గిన్నెలు నేనే తోముతాలే!"

"నాతో మాట్లాడకు. మొత్తం నాశనం చేశావ్." అది ఆనాటి సదాశివరావు.

"నాశనమేంట్రా? మొత్తం పాటలో అర్థమైన మాట అదొక్కటేగా!"

పాట ఇరవై నిమిషాలు. టేపు ఒక్కో వైపు ముప్పై. ఆనాడు పోట్లాటలో టేప్ రికార్డరు ఆపడమే మరిచారు. సీడీ నుంచి ఎక్కించేటప్పుడేమో పాట అవగానే ఆపేశాడు. పాత క్యాసెట్ తోక అక్కడే మిగిలిపోయింది. పాట తర్వాత వినే అలవాటు లేని మనిషికి ఇన్నేళ్ళూ తెలియలేదు.

మాడిన కుక్కరును పీచుతో గీకుతున్న చప్పుడు. దాని మీదుగా రామమూర్తి కూనిరాగం, పిల్లనగ్రోవి వరసలో, అర్థం లేని ఇటలీ మాటలతో. తొమ్మిది నిమిషాలు. ఒకచోట శ్రుతి తప్పి తనలో తానే నవ్వుకున్నాడు. భవ్యశ్రీ తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. రామమూర్తి పెదవులు టేపుతో పాటు కదులుతున్నాయి.

టక్. టేపు ఆగింది.

"ఫిర్ సే, అంకుల్. మళ్ళీ పెట్టండి" అంది భవ్యశ్రీ ముక్కు తుడుచుకుంటూ.

"ఒక్క నిమిషం తల్లీ." సదాశివరావు క్యాసెట్ బయటికి తీసి, చాకు మొనతో వీపు మీది రెండు ప్లాస్టిక్ పలుకులూ విరిచేశాడు. ఇక దాని మీద ఎవడూ ఏదీ రికార్డ్ చేయలేడు. తను కూడా.

వెనక్కి తిప్పుతుంటే రామమూర్తి భుజం తట్టి ప్యాడు ముందుకు తోశాడు.

"ముందు నోరు విప్పింది నువ్వే. గిన్నెలు నీవి."

సదాశివరావు చొక్కా చేతులు మడుచుకుంటూ వంటింట్లోకి నడిచాడు. కుళాయి సన్నగా తిప్పాడు, గదిలోంచి పాట వినపడేలా.