నాయన తుండు

కడంబూరు దగ్గర తన పత్తిచేనికి పురుగుమందు కొట్టిన సాయంత్రమే పెరియసామి గట్టు మీద కుప్పకూలాడు. కోవిల్‌పట్టిలో చూసి విరుదునగర్ ఆస్పత్రికి పంపారు. రెండో రోజుకు కళ్ళు తెరిచాడు, నాలుగు మాటలాడాడు. మూడో రోజు పొద్దున మళ్ళీ చెమటలు, నోట నురగ. బెంగళూరు నుంచి కూతురు నిరోషా వచ్చేసరికి ఊపిరి ఆగిపోయింది. ఎందుకు తిరగబెట్టిందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఒక నరం ఇంకో నరానికి కబురెలా అందిస్తుందన్నదే పదేళ్ళుగా నిరోషా పరిశోధన. ఆ రెండింటి నడుమ ఉండే, కంటికి కనబడని సందు పేరు సైనాప్స్. ఆమె బతుకంతా ఆ సందులోనే గడిచింది.

దహనమైన మర్నాడు అమ్మ అళగమ్మాళ్ నడవలో కూర్చుని, భర్త తుండుతో కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"నీదీ నరాల చదువే కదా పాపా. మీ నాయనకు ఏమాయె?"

"ఒక నరం చెప్పిన మాట ఇంకోదానికి చేరినాక, దాన్ని తుడిచేసేది ఒకటి ఉండాదమ్మా. ఆ మందు దాన్ని కట్టి పడేస్తాది. చెప్పిన మాటే చెప్పి చెప్పి ఒళ్ళు అలసిపోతాది."

"మీ చిన్నత్త మాదిరి అను."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ వెంటనే అమ్మకు ఏడుపు వచ్చింది.

"ఆయన తాగలేదే! లోపలికి ఎట్ల పోయె?"

"గాలిలో. ఒంటి తోలులో నుంచి కూడా."

"మందు కొట్టిన నాటి గుడ్డలన్నీ నర్సమ్మ విప్పి సంచిలో వేసె. తెలివి వచ్చినాక చూసేదానికి జనం వస్తారే, తుండు లేకుండా మీ నాయన ఎప్పుడన్నా నలుగురి ముందర ఉండినాడా? నేనే ఈ తుండును సంచిలోనుంచి తీసి రొమ్ము మీద కప్పితిని. తెల్లారేదాకా దాన్ని పట్టుకొనే పండుకొనె."

నిరోషా అమ్మ చేతిలోని తుండు వైపు చూసింది.

"ఏడ్చి ఏడ్చి నాకు కండ్లు మసకలు," అంది అమ్మ.

నిరోషా వంగి చూసింది. ఆ చీకటి నడవలో పెద్దవి కావలసిన కంటిపాపలు, ఆ మందు సోకినవాళ్ళకు లాగా, ఆవగింజలంత ఉన్నాయి.

"తుండు ఇటు ఇయ్యమ్మా. కోవిల్‌పట్టికి పోయి కండ్లు చూపిద్దాం."

"ఉతికేస్తావా? ఆయన వాసన పోతాదే!"

"పోనీ అమ్మా."

"ఏంటికి?"

నిరోషా ల్యాబ్ అలవాటుకొద్దీ రెండు చేతులకూ ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని చాపింది. అమ్మ ఆ కవర్లను చూసింది. తర్వాత తుండును చూసింది. మెల్లగా తీసి ఇచ్చేసింది.

దొడ్లో అమ్మ సబ్బు పెట్టి చేతులు రుద్దుకోసాగింది. నిరోషా చెంబుతో నీళ్ళు పోస్తోంది. సబ్బు సగం అరిగింది.

"ఇంకా కడగాల్నా పాపా?" అంది అమ్మ, తలెత్తకుండా.