పేరు చెప్పిన చెవి

పట్టుపురుగులు ఆకు మీద ఆకు మేసే రోజున, సాదలి ఊరి ఆంజనప్ప పురుగుల తట్టలన్నీ వదిలేసి, కోడలినీ పసి మనవరాలినీ తీసుకొని చింతామణి ఆసుపత్రికి బయలుదేరినాడు. కాన్పు కాగానే చేసిన వినికిడి పరీక్షలో కుడి చెవి అనుమానంగా ఉండాదని, మళ్ళీ చూడాలని నర్సమ్మ ఫోన్ చేసింది.

“పళ్ళెం కొడితే ఉలిక్కిపడతాండాది కదా! చెవుడంట, చెవుడు. ఒకపూట ఆకు తప్పితే పురుగులు కట్టే పట్టుగూళ్ళు పలచబడవా?” అని భార్య అంబుజమ్మ సాగనంపింది.

ఆంజనప్ప చెప్పిన పళ్ళెం సంగతి విని, బిడ్డ నిద్రపోయేదాకా నర్సమ్మ ఓపిగ్గా కాచుకొని, చెవుల్లో మిషనుకు తగిలించిన సన్నటి గొట్టం పెట్టి చూసింది.

“పళ్ళెం మోత విన్నది ఎడమ చెవప్పా. కుడిది వినడంలేదు. ఇంత పసిగా ఉన్నప్పుడే తెలిసింది, మేలే. మాటలొస్తాయి. పెద్ద డాక్టరుకు చూపిద్దాం. అంతదాకా ఎడమ పక్క నుంచి మాట్లాడండి.”

ఇంటిల్లిపాదీ కనిపెట్టలేనిది ఆ గొట్టం కనిపెట్టిందే అని ఆంజనప్ప దారంతా అబ్బురపడినాడు. ఆ పంటకు గూళ్ళు పలచగానే వచ్చినాయి. ఆయన వచ్చినకాడికి అమ్ముకొచ్చినాడు.

నామకరణం నాడు అంబుజమ్మ పట్టుబట్టింది. “కుడి చెవిలోనే చెప్పాల. మన వాడుక అదే.”

ఆంజనప్ప బిడ్డను తిప్పుకొని, ఎడమ చెవిలో “చార్వీ” అన్నాడు. బిడ్డ కళ్ళు ఆయన వైపు కదిలినాయి.

అంబుజమ్మ అది చూసింది. మెల్లిగా ఎడమ పక్కకు వచ్చి, “జరుగు, నేనూ చెప్తా” అనింది.