దేవుని పందిపిల్ల

తార్నాకలోని ఆ చర్చికి దీవుల మీద ప్రేమ ఈనాటిది కాదు. దీవుల సువార్త కమిటీ అని ఒకటుంది. నికోబార్ వైపు ఎక్కడో ఉన్న కమోతా అనే చిన్న దీవి కోసం నెలకో శుక్రవారం ఉపవాస ప్రార్థన చేసి, ఆమెన్ అనగానే చికెన్ బిర్యానీ తింటుంది. ఆ దీవిని కళ్లారా చూసిన సభ్యుడు మాత్రం లేడు. ఒకసారి ముగ్గురు పెద్దలు బయల్దేరారు గానీ, పోర్ట్ బ్లెయిర్ చేరేసరికే సముద్రం వాళ్ల కడుపుల్లో ఉన్నదంతా లాగేసుకుంది. మళ్లీ ఓడెక్కే ధైర్యం లేక, అక్కడే బీచ్‌లో కొబ్బరిబోండాలు పట్టుకుని ఫోటో దిగి, "దీవుల్లో మన సేవ" అని పేరు పెట్టి చర్చి గోడకి తగిలించారు. ఆ ఫోటోలో మధ్యన ఉన్నవాడు వీరస్వామి, కమిటీ చైర్మన్.

వీరస్వామి రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. మెట్టుగూడ క్వార్టర్స్ వదిలి తార్నాకలో ఇల్లు కట్టుకున్నాడు. భార్య పోయాక ఇంట్లో అతనూ, తల్లి పోచమ్మా మిగిలారు. బాప్తిస్మంలో ఆమెకు ఫీబమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆమె ఇప్పటికీ పలకదు. వీరస్వామి ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కాతోనే తిరుగుతాడు. తన చిన్నప్పుడు జనగామ దగ్గర పల్లెలో మేకలూ గొర్రెలూ కాసేవాళ్లమని చర్చిలో అందరికీ చెబుతుంటాడు. అందుకే క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వేషం ఏటా అతనిదే. బొజ్జ పెరిగినా ఆ వేషం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఈసారి కమిటీ పెద్ద పనికే పూనుకుంది. కమోతా భాషలో సువార్త అచ్చు వేయించాలని తీర్మానించింది. ఆ భాష మీద యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ధరణిని పట్టుకున్నారు. ధరణి వాళ్లది తెనాలి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం. ఆ అమ్మాయి చర్చికి రాదు, గుడికీ వెళ్లదు, గుడ్డు కూడా తినదు. భాష కోసం ఒప్పుకుంది. దీవి నుంచి అక్కడి చర్చి ఉపదేశకుడు బార్నబస్‌ను రప్పించి, వీరస్వామి ఇంట్లో బస ఏర్పాటు చేశారు.

దీవి మనిషితో మాట్లాడాలని వీరస్వామి హిందీలో రెండు వాక్యాలు బట్టీ పట్టి గుమ్మంలో నిలబడ్డాడు. ఆటో దిగిన బార్నబస్ నల్లటి గట్టి మనిషి, పూల చొక్కా వేసుకున్నాడు. చేతులు జోడించి, "ఏటండీ బాబూ, బాగున్నారేటి?" అన్నాడు.

వీరస్వామి బట్టీ పట్టింది మరిచిపోయాడు. పోర్ట్ బ్లెయిర్‌లో సిక్కోలు మత్స్యకారుల దగ్గర చాలా ఏళ్లు పనిచేశాడట బార్నబస్.

రోజూ పొద్దున్నే బార్నబస్ క్యాంపస్‌కు నడిచి వెళ్లేవాడు. అక్కడ డిపార్ట్‌మెంట్‌లో ఓ మూలగదిలో ధరణీ అతనూ కూర్చుని పని చేసేవాళ్లు. యేసును దేవుని గొర్రెపిల్ల అన్న వాక్యంలో గొర్రె అడ్డం వచ్చేదాకా అంతా సాఫీగానే సాగింది.

"గొర్రంటే ఏటో మా దీవిలో ఎవులికీ తెల్దమ్మా," అన్నాడు బార్నబస్. "ఎనకటికొచ్చిన దొర, దేవుడి లాంబ్ అని ఇంగ్లీసు మాటే ఉంచీసాడు. మాయోల్లు ల్యాంపనుకున్నారు. మా తాత కాడి నుంచీ ఏసుబాబుని దేవుడి లాంతరనే అంతన్నాం."

ధరణి నవ్వాపుకోలేక నీళ్లు తాగింది. మరి గొర్రెపిల్ల అన్నచోట ఏం పెడితే మీవాళ్ల మనసుకు తగులుతుందని అడిగింది. బార్నబస్ తడుముకోలేదు. పందిపిల్ల అన్నాడు. తల్లి చనిపోయిన పందిపిల్లను ఆడవాళ్లు ఇంట్లో పెట్టుకుని, కొబ్బరి నమిలి నోటికందిస్తారనీ, దానికి పేరు పెడతారనీ చెప్పాడు. ఎవరైనా తప్పు చేసి రెండిళ్ల మధ్య పగ రగిలితే, తప్పు చేసిన ఇంటివాళ్లు అలా పెంచుకున్న దాన్నే ఇచ్చేస్తారు. అందరూ కలిసి తింటారు, ఏడుస్తారు, ఇక ఆ తగవు ఎత్తరు.

ధరణికి ఇంతకంటే సరైన మాట కనిపించలేదు.

కమిటీ సమావేశంలో పాస్టర్ రవికాంత్ ఆ పేజీలను తెర మీద వేశాడు. దీవి భాషలో ప్రతి వాక్యం పక్కనా తెలుగు అర్థం ఉంది. అందరూ చదువుకుంటూ వచ్చి ఒక్కచోట ఆగిపోయారు.

"ఏందమ్మా ఇది? సువార్తనా, హోటల్ మెనూనా?" వీరస్వామి లేచాడు. "దేవుని పందిపిల్లనా? నీకు దొరకక దొరకక పందే దొరికిందా?"

"అంకుల్, నేను పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టలేదు. పంది మీద నాకేం ప్రేమ ఉంటుంది? వాళ్లకు అర్థం కావాలి కదా!" అంది ధరణి.

"గొర్రె అనే పెట్టుండ్రి. అర్థం కాకుంటే నేర్చుకుంటరు. మనం నేర్చుకోలే?"

రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ అమల టీచర్ కళ్లజోడు సర్దుకుని, "ఛీ, వినడానికే బాగలేదు," అంది. పాస్టర్ రవికాంత్ మెల్లగా, "ఇది చాలా సెన్సిటివ్ మ్యాటర్. ఎవరన్నా ఫోటో తీసి గ్రూపుల పెడితే మనం వైరల్ అయితం," అన్నాడు.

"నేను బతికుండంగ పందిని అచ్చెయ్యనియ్య," అని వీరస్వామి కుర్చీని వెనక్కి నెట్టి బయటకు నడిచాడు.

ఇంటికి వెళ్లేసరికి అతనికో ఉపాయం తట్టింది. బార్నబస్ అసలు గొర్రెనే చూడలేదు. చూస్తే దాని గొప్పతనం వాడికే తెలుస్తుంది, వెళ్లి దీవిలో చెబుతాడు. మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బార్నబస్‌ను క్యాంపస్ వెనక ఖాళీ జాగాకు తీసుకెళ్లాడు. అక్కడ బిక్షం అనే కాపరి మందను మేపుతున్నాడు.

"చూడు బార్నబస్. ఎంత సాధువో చూడు. ఎంత పవిత్రంగ ఉన్నదో చూడు," అన్నాడు వీరస్వామి.

బార్నబస్ గౌరవంగా చూశాడు. ముందు నడిచే గొర్రె కాలుజారి పక్కనున్న కాలువలో పడింది. దాని వెనకున్నది చూసి కూడా పడింది. తర్వాత మిగతావీ, తొందరేదో ఉన్నట్టు, ఒకదాని మీద ఒకటి దూకాయి. బిక్షం బూతులు తిడుతూ ఒక్కోదాన్నీ చెవి పట్టి పైకి లాగాడు.

"అన్నా, ఈటికి పేర్లుంటాయేటి?" అని అడిగాడు బార్నబస్.

"గొర్రెకు పేరేందన్నా!"

"ఇంట్లో తొంగుంటాదా?"

"ఇంట్ల మేమే పట్టం."

"సచ్చిపోతే ఏడుస్తారా?"

బిక్షం అనుమానంగా చూశాడు. "ఎవని బండి కింద పడ్డదో చూస్తం. వాని కాలర్ పడ్తం."

బార్నబస్ వీరస్వామి వైపు తిరిగి, తప్పు తనదే అన్నట్టు తల గోక్కున్నాడు. వీరస్వామికి రోషమొచ్చింది. ఇన్నేళ్ల కాపరి అనుభవం చూపించాలని మంద మధ్యలోకి నడిచాడు. "గాడికి పోకు సారూ, పొట్టేలున్నది, గుద్దుతది!" అని బిక్షం అరుస్తూనే ఉన్నాడు. అది గుద్దనే గుద్దింది. వెనక నుంచి, మోకాళ్ల పైన, మంచి ఊపుతో. తార్నాక దీవుల సువార్త కమిటీ చైర్మన్ కాలువలో బోర్లాపడ్డాడు.

బార్నబస్ అతన్ని వీపున వేసుకుని ఆటో దాకా మోశాడు. ఇంట్లో పోచమ్మ, మంచం మీద బోర్లా పడుకున్న అరవై దాటిన కొడుకు నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టింది.

"గొర్రెల దగ్గరికి ఎందుకు వోయినవ్‌రా? నీకు గొర్రెల సంగతేం తెలుసు?" అంది.

వీరస్వామి దిండులో ముఖం దాచుకున్నాడు. బార్నబస్ ఆశ్చర్యపోయాడు. "అదేటి మామ్మా! మీకు మేకలూ గొర్రెలూ ఉండేయంటన్నారు కదా?"

"మేకలా? మనకెన్నడున్నయిరా మేకలు?" పోచమ్మ గుడ్డ పక్కన పెట్టి చెప్పడం మొదలెట్టింది. "పందులుండె బిడ్డా. వాడ చివర మా గుడిసె. ఒకపారి తల్లి సచ్చిపోయి ఒక పిల్ల మిగిలింది. గంజి తాగిచ్చి నేనే సాకిన. సిన్నోడని పేరు. మా వీరిగాడు దాని పక్కల్నే పండెటోడు. ఈనికి మిషన్ హాస్టల్ల సీటు దొరికిన్నాడు చర్చి అయ్యగారు, పెద్దమనుషులు మా ఇంటికొస్తిరి. పెట్టనీకె ఇంట్ల ఏమున్నది? సిన్నోణ్నే కోస్తిమి. అందరు తినిండ్రు. ఈడు ముట్టలే. ఏడ్సుకుంటనే హాస్టల్‌కు వోయిండు."

"అమ్మా, ఇగ చాలు," అన్నాడు వీరస్వామి దిండులోంచి.

ఆమె ఆపలేదు గానీ ఆ తర్వాతది ఆమెకు తెలియదు. హాస్టల్లో పక్కన కూర్చుంటే పిల్లలు ముక్కు మూసుకున్నారు. పందోడని పేరు పెట్టారు. సబ్బు అరిగేదాకా ఒళ్లు రుద్దుకున్నాడు. పై తరగతికి ఇంకో హాస్టల్‌కు మారినప్పుడు, మీకేముండేవని ఎవరో అడిగితే మేకలూ గొర్రెలూ అని నోటికొచ్చింది చెప్పాడు. చెప్పిందే నిజమై ఇన్నేళ్లు నడిచింది. ఇప్పుడు దిండు తడుస్తోంది.

"నొప్పెడతందేటండీ?" అని బార్నబస్ అడిగాడు.

"నడుము," అన్నాడు వీరస్వామి.

బార్నబస్ తడిగుడ్డ పిండి పోచమ్మ చేతికందించాడు.

తర్వాతి సమావేశానికి వీరస్వామి చేతికర్రతో వచ్చాడు. కుర్చీలో దిండు వేసుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. గొర్రె గెలిచిందని అందరూ అనుకుంటుండగా గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాట. మా ఇంట్ల మేకలు లేకుండె, గొర్రెలు లేకుండె. పందులుండె. ఒకదాన్ని నా కోసం కోసిండ్రు. దాని పేరు నాకు ఇంక యాదికున్నది. గొర్రె పేరు ఒక్కటన్న మీలో ఎవరికన్న తెలుసా? పందే పెట్టుండ్రి."

అమల టీచర్ కళ్లజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంటూ, "మా ఇంట్ల గూడ ఉండె," అంది, బల్లకేసి చూస్తూ. వెనక వరసలో ఎవరో మా తాతకూ ఉండేవన్నారు. ఇంకొకాయన వాళ్ల మేనమామ పందికూర వండితే వాసనకు ఊరంతా తిరిగి చూసేదని గుర్తు చేసుకున్నాడు. కాసేపటికి కమిటీ తీర్మానం వదిలేసి, ఆ కూరలో ఎండుమిర్చి ముందు వెయ్యాలా తర్వాత వెయ్యాలా అన్న దాని మీద రెండు వర్గాలుగా చీలింది. అల్లం దగ్గరకు వచ్చేసరికి ధరణి ముఖం పాలిపోయి, గాలి కోసం వరండాలోకి వెళ్లిపోయింది. వచ్చే ఉపవాస శుక్రవారం బిర్యానీ బదులు ఏదైనా ఆలోచించాలని ఎవరో ప్రతిపాదించారు. పాస్టర్ రవికాంత్ అది మినిట్స్‌లో రాయలేదు.

సువార్త అచ్చయింది. చర్చి పత్రికలో పాస్టర్ "స్థానిక సంస్కృతికి తగిన పదం వాడబడినది" అని మాత్రం రాసి, ఆ పదమేమిటో తెలివిగా దాటేశాడు. బార్నబస్ పుస్తకాల పెట్టెలతో దీవి చేరాక, ఓ ఆదివారం తార్నాక చర్చిలో ఆరాధన మధ్యలో అతనికి వీడియో ఫోన్ కలిపి తెర మీద చూపించారు.

కొబ్బరాకుల కప్పు కింద అక్కడి సంఘమంతా కూర్చునుంది. బార్నబస్ లేచి చదివాడు. ఆ వాక్యం దగ్గరకు రాగానే ముందు వరసలోని ముసలమ్మ ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కామె ఆమె భుజం పట్టుకుంది. తర్వాత ఒక్కొక్కరే తలలు వంచారు. తార్నాకవాళ్లకు ముక్క అర్థం కాకపోయినా గట్టిగా ఆమెన్ అన్నారు. సరిగ్గా అప్పుడే ఓ నల్లటి పందిపిల్ల బార్నబస్ కాళ్ల మధ్య నుంచి తీరిగ్గా నడిచి వెళ్లింది. అక్కడ ఎవరూ దాన్ని అదిలించలేదు.

ఇక్కడ పోచమ్మ నిలబడిపోయింది. "అబ్బ, ఎంత సక్కగున్నదిరా!" అని చర్చి అంతా వినబడేలా అంది.

"కూసో అమ్మా," అన్నాడు వీరస్వామి. అన్నాడే గానీ అతనూ తెర మీంచి చూపు తిప్పలేదు. ఇంతలో సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. రవికాంత్ తర్వాతి పాటకు కీబోర్డు వైపు సైగ చేశాడు.

"పాస్టర్‌గారూ," అన్నాడు వీరస్వామి తన వరసలోంచి, "పాట ఆగుతది గని, మల్ల ఒకసారి కలుపుండ్రి."