రెడీ అనకముందే తన్నిన కాలు

ఫైటర్ అంటే కొట్టేవాడని జనం అనుకుంటారు. అబద్ధం. ఫైటర్ అంటే పడేవాడు. హీరో పిడికిలి గాలిలో తిరిగితే చాలు, వీడు మూడు గజాలు ఎగిరి, బల్ల విరగ్గొట్టుకుని, మూలుగుతూ పడి ఉండాలి. యూసుఫ్‌గూడ నర్సింహ పదిహేనేళ్లు అదే పని చేశాడు. పొద్దున్నే ఫిలింనగర్‌కు నడిచి వెళ్లి పడేవాడు. సాయంత్రం లేచి నడిచి వచ్చేవాడు.

పని లేని ఆదివారాలు మాత్రం వేరు. తోటి ఫైటర్ రాములు, నర్సింహ కలిసి తొంభై అయిదులో కోఠిలో ఒక టీవీ గేమ్ కొన్నారు. నల్ల డబ్బా, రెండు రిమోట్లు, ఒక పసుపు క్యాసెట్. క్యాసెట్ మొరాయిస్తే నోటితో ఊది మళ్లీ పెట్టాలి. అందులో ఇద్దరు మనుషులు కొట్టుకునే ఆట ఉంది. పొద్దున పదింటికల్లా రాములు ఒంటిగదిలో ఆరుగురు ఫైటర్లు, వాళ్ల పెళ్లాలు, మంచం మీద రాములు తల్లి బుచ్చమ్మ. వారమంతా తన్నులు తిన్నవాళ్లు ఆ కాసేపు తన్నేవాళ్లు. మిషన్‌కు హీరో ఎవడో తెలియదు. ఎవడు గట్టిగా నొక్కితే వాడిదే గెలుపు. ఆ సుఖం ఎలాంటిదో పడి బతికేవాణ్ణి అడగాలి.

నర్సింహ అక్కడ కూడా ఓడిపోయేవాడు. ఎదుటి బొమ్మ కాలెత్తగానే వీడి బొటనవేళ్లు బటన్ల మీంచి లేచిపోయేవి. దెబ్బ వచ్చేదాకా బుద్ధిగా ఆగేవి.

“ఏందయ్యా, గీడ నీకు పడుమని ఎవడన్న పైసలిస్తుండా?” అనేది పెళ్లాం శకుంతలమ్మ.

“నేను పడుతలేనే. వేళ్లు పడుతున్నయ్.”

“అన్న బొమ్మకు గూడ దండం పెడుతుండు,” అని రాములు పగలబడి నవ్వేవాడు. రాములు ఆటలో ఎన్నడూ పడలేదు. పళ్లు బిగించి ఆడేవాడు. “వారమంత పడుడే గదనే. ఈ గంట నన్నెవడు పడగొడ్తడో చూస్త,” అనేవాడు. బుచ్చమ్మ కళ్లు సరిగా కనపడకపోయినా “కొట్టు బిడ్డా, ఇంకోటి కొట్టు” అని అరిచేది.

ఆ రాములు తొంభై ఆరు ఫిబ్రవరిలో నిజంగా పడ్డాడు.

జూబ్లీహిల్స్ వెనక గుట్టల్లో క్లైమాక్స్ తీస్తున్నారు. హీరో దిలీప్‌బాబు, నిర్మాత త్రినాథరావుకు ఒక్కగానొక్క కొడుకు. ఇలాంటి షాట్‌కు ఒక పద్ధతి ఉంది. రాతి అంచు మీద నిలబడ్డ ఫైటర్ కింద అట్టపెట్టెలు పేర్చారో లేదో తన కళ్లతో చూసుకుని, చెయ్యెత్తి, “రెడీ” అనాలి. ఆ మాట తర్వాతే హీరో కాలు లేవాలి. ఇది ఏ కాగితం మీదా లేదు. కానీ ఫైటర్ల నడుములు ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి. రాములు ఇంకా కిందికి చూస్తున్నాడు. రెండో వరుస పెట్టెలు ఇంకా పేరుస్తున్నారు. దిలీప్‌బాబు తన్నాడు. రాములు పెట్టెల మీద పడలేదు, బండ మీద పడ్డాడు. తుంటి విరిగింది, నడుము చెడింది.

మూడో రోజుకల్లా ప్రొడక్షన్ మేనేజర్ సుబ్రహ్మణ్యం ఒక కాగితం టైపు చేయించాడు. రాములు “రెడీ” అన్నాడట. అన్న తర్వాతే బాబు తన్నాడట. దూకడం చేతకాక పక్కకు పడ్డాడట, తప్పు పూర్తిగా అతనిదేనట. ఆ రోజు అంచు దగ్గర ఉన్న ఫైటర్లు ఇద్దరు, నర్సింహ, ఓదెలు. వీళ్లిద్దరూ సంతకం చేస్తే ఫైటర్ల సంఘం రాములు కార్డు రద్దు చేస్తుంది. కార్డు పోతే సంఘం వైద్యం చేయించదు. ఇక ఏ స్టూడియో గేటూ తెరుచుకోదు. నడుం విరగ్గొట్టింది చాలక, విరగ్గొట్టుకున్నావని తిట్టి పాతిపెట్టడం. దాన్నే వాళ్ల భాషలో సర్దుబాటు అంటారు.

సుబ్రహ్మణ్యం నర్సింహ ఇంటికి వచ్చి, గుమ్మం దాటకుండానే చెప్పాడు.

“ఆదివారం పొద్దున బాబుగారు ఇంటికి రమ్మన్నారయ్యా. మీకు వీడియో గేములంటే పిచ్చంట కదా! సింగపూర్ నుంచి కొత్త మిషన్ తెప్పించారు. సరదాగా ఆడుకుందామన్నారు.”

“కాగితం సంగతేంది సార్?”

“అదీ అక్కడేలే. కాసేపు ఆడి, టిఫిన్ చేసి, ఓ సంతకం పడేసి వచ్చెయ్యి.”

అతను వెళ్లాక శకుంతలమ్మ అంది, “పోతే పో. సంతకం పెడితే మాత్రం మళ్ల ఇంటికి రాకు.”

“పెట్టకుంటే పని ఉండదే.”

“పని లేని దినాలు నాకేమన్న కొత్తనా?”

ఆదివారం నర్సింహ వెళ్లాడు. ఎందుకు వెళ్లావని తర్వాత చాలామంది అడిగారు. భయపడి వెళ్లాడు. పిలిస్తే పోవడం అలవాటై వెళ్లాడు. ఇందులో దాచడానికేం లేదు.

బంగళాలో గోడంత టీవీ. ఓదెలు అప్పటికే కార్పెట్ మీద కూర్చుని పెసరట్టు తింటున్నాడు. నర్సింహను చూసి తల దించుకున్నాడు. త్రినాథరావు సోఫాలో పేపరు చదువుతున్నాడు. ఆయన భార్య శారదాదేవి ఇంకో ప్లేటు పంపించింది. రాములు ఎలా ఉన్నాడని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

“రావయ్యా నర్సింహా, కింద కూర్చో. గేము కింద కూర్చుంటేనే బాగుంటుంది,” అన్నాడు దిలీప్‌బాబు. తను మాత్రం సోఫా దిగలేదు.

ఆట మొదలైంది. బొమ్మలు మనుషుల్లాగే ఉన్నాయి, దెబ్బకు రక్తం కూడా చిమ్ముతోంది. బాబు బొమ్మ కాలెత్తింది. నర్సింహ వేళ్లు లేచిపోయాయి. బొమ్మ ఎగిరి పడింది. రెండో ఆటా అంతే.

“చూశారా నాన్నా, టీవీలో కూడా వీళ్ల పని పడటమే!”

త్రినాథరావు నవ్వాడు. సుబ్రహ్మణ్యం అంతకంటే గట్టిగా నవ్వాడు. ఓదెలు కూడా నవ్వాడు. దానికే నర్సింహకు మండింది.

మూడో ఆట. రెండు బొమ్మలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఈ మిషన్ “ఫైట్” అని అరిచేదాకా ఏ బటన్ నొక్కినా బొమ్మ కదలదు. బాబు ముందే టకటకా నొక్కుతున్నాడు.

“ఛీ, ఇదొక దరిద్రం! వాడు ఫైట్ అనేదాకా కాలు లేవదు.”

“గది రూల్ గద బాబూ,” అన్నాడు నర్సింహ.

“ఏం రూలయ్యా బోడి రూలు! నాకు ఊపొచ్చినప్పుడు కొట్టాలి. మొన్న మీ రాములూ అంతే. చెయ్యెత్తకుండా కిందికి చూస్తూ నిలబడ్డాడు. అవతల వెలుగు పోతోంది. ఎంతసేపని ఆగను? ఇచ్చాను ఒకటి.”

త్రినాథరావు చేతిలో పేపరు కిందికి దిగింది. బాబుకు మాత్రం తనేం అన్నాడో ఇంకా తెలియలేదు. మిషన్ “ఫైట్” అంది. నర్సింహ రిమోట్ కార్పెట్ మీద పెట్టేశాడు. బాబు బొమ్మ వచ్చి, ఊరికే నిలబడ్డ బొమ్మను తన్నింది. మళ్లీ తన్నింది.

“ఆడవేంటయ్యా?”

“రాములు రెడీ అనలేదు బాబూ. ఇప్పుడు మీరే చెప్పిన్రు.”

త్రినాథరావు లేచాడు. “నోరు జాగ్రత్త! వాడేదో సరదాకి అన్నాడు.”

“సరదాకు నడుం ఇరుగలేదు సార్.”

సుబ్రహ్మణ్యం గబగబా కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టాడు. “ఇవన్నీ నీకెందుకయ్యా? పెళ్లాం బిడ్డలున్నవాడివి. ఇదిగో, ఇక్కడ.”

“పెట్ట.”

“రేపట్నుంచి నీకు ఒక్క షాట్ కూడా దొరకదు, తెలుసా?” అన్నాడు త్రినాథరావు.

“దొరక్కుంటే మాయె. మీ హీరోల చెయ్యి తగలకున్నా పదిహేనేండ్లు పడ్డ. ఇగ పడ.”

“నువ్వొక్కడివి చెప్తే ఎవడు నమ్ముతాడ్రా? ఓదెలు పొద్దున్నే సంతకం పెట్టేశాడు.”

నర్సింహ తిరిగి చూశాడు. “ఏం ఓదెలూ? బాబు ఏమన్నడో నువ్వు ఇనలేదా?”

ఓదెలు చేతిలోని పెసరట్టు ముక్క ప్లేటులో పెట్టేశాడు. ఫైటర్లకు ఒక విద్య ఉంటుంది. మాస్టర్ పన్నెండు దెబ్బలు వరసగా ఒక్కసారి చూపిస్తే, ఒక్కటీ తప్పకుండా అదే వరసలో చేసి చూపించాలి. రెండోసారి అడిగినవాణ్ణి రెండోరోజు పిలవరు. ఆ విద్యలో ఓదెలును మించినవాడు యూసుఫ్‌గూడలో లేడు.

ఓదెలు చెయ్యి లుంగీకి తుడుచుకుని లేచాడు. గోడకేసి చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు.

“ఏం రూలయ్యా బోడి రూలు. నాకు ఊపొచ్చినప్పుడు కొట్టాలి. మొన్న మీ రాములూ అంతే. చెయ్యెత్తకుండా కిందికి చూస్తూ నిలబడ్డాడు. అవతల వెలుగు పోతోంది. ఎంతసేపని ఆగను. ఇచ్చాను ఒకటి.”

అక్షరం తప్పలేదు. ఆ యాస కూడా బాబుదే.

“ఇంకోపారి చెప్పమంటరా సార్? సంఘంల గూడ గిట్లనే చెప్త. పొద్దుగాల మీరు పెట్టించిన సంతకం సదవకుంట పెట్టింది. గది గూడ చెప్త.”

శారదాదేవి ఒక్క మాటే అంది. “దిలీప్, ముందు ఆ టీవీ కట్టెయ్యి.”

మర్నాడు సంఘం ఆఫీసులో కార్యదర్శి బసవపున్నయ్య ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాడు. ఒకటికి మూడుసార్లు తిప్పి తిప్పి అడిగాడు. నిర్మాత పేరు వింటే ఆయనకూ చెమటలే. చివరికి రాశాడు. గత్యంతరం లేక రాశాడు.

ఆ తర్వాత నర్సింహను, ఓదెలును ఏడు నెలలు ఎవరూ పిలవలేదు. ఇద్దరూ మధురానగర్‌లో అపార్ట్‌మెంట్ పనికి ఇటుకలు మోశారు. దిలీప్‌బాబు సినిమా విడుదలైంది. అందులో రాములు పడే షాట్ అలాగే ఉంచారు. బాగా వచ్చిందట.

అవన్నీ తర్వాతి సంగతులు. సంఘం రాసిచ్చిన రోజే ఆ కాగితం పట్టుకుని నర్సింహ ఆస్పత్రికి వెళ్లాడు. రాములు నడుం కింద దిండ్లు పెట్టి పడుకోబెట్టారు. పక్కన బుచ్చమ్మ బత్తాయి ఒలుస్తోంది.

“కార్డు పోలేదురా. ఉన్నది,” అన్నాడు నర్సింహ.

“కార్డు పట్టుకొని ఏం జెయ్యాలె అన్నా? ఇగ నేను ఎగుర్తనా, దుంకుతనా?” రాములు విసురుగా అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నర్సింహ కాగితం మడిచి జేబులో పెట్టబోయాడు.

“జర ఆగు,” అన్నాడు రాములు, ఇటు తిరగకుండానే. “తప్పు నాది కాదని రాసిన్రా?”

“రాసిన్రు.”

“సదువు.”

నర్సింహ కూడబలుక్కుని చదివాడు. “రాములు రెడీ అనకముందే హీరో తన్నినాడు. రాములు తప్పు ఏమియు లేదు.”

“మా అమ్మకు సరిగ ఇనబడదు. గట్టిగ సదువు.”

వార్డులో పక్క మంచాలవాళ్లు తలలెత్తి చూశారు. నర్సింహ నిలబడి, గొంతు పెంచి, మొదటి నుంచి మళ్లీ చదివాడు.