పట్టాభి స్వామి ఫోన్ దీక్ష

పట్టాభి ఫోన్ మానేశాడన్న కబురు కొత్తపేటలోని వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఫోన్లోనే చేరింది. ఆ కబురు టైపు చేసింది అతని భార్య అమల. "నేటి నుంచి నేను ఫోన్‌ను త్యజిస్తున్నాను" అని అతను సోఫాలో కాలు మీద కాలేసుకుని చెబుతుంటే, పప్పు తాలింపు ఆపి ఆవిడ కొట్టింది. చివర్న దండం బొమ్మ పెట్టావా లేదా అని రెండుసార్లు అడిగాడు కూడా.

నిజానికి అమల అడిగింది ఇంత కాదు. అన్నం తినేటప్పుడు ఆ ఫోన్ పక్కన పడేసి, ఎదురుగా కూర్చున్న కూతురు తన్మయి మొహం చూసి నాలుగు మాటలు మాట్లాడమంది. అంతే. కానీ ఆ పని చేస్తే మెచ్చుకునేవాళ్ళెవరు? ఇంట్లో ఉన్న ఇద్దరాడవాళ్ళు. పట్టాభికి ఇద్దరి మెప్పు ఏ మూలకి? అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ప్లాట్లు అమ్మే మనిషి, గోరంత ఉంటే కొండంత చేసి చూపించకపోతే అతనికి నిద్ర పట్టదు. అందుకని ఆ మాట తీసుకెళ్ళి అసోసియేషన్ ప్రెసిడెంటు త్రినాథరావు చెవిన వేశాడు.

త్రినాథరావు ఏటా మాల వేసుకుని కొండకి వెళ్ళొచ్చే గురుస్వామి. ఉద్యోగం అయిపోయాక ఏం తోచక ఉన్నాడేమో, ఫోన్ మానడానికి కూడా మాల పద్ధతే శ్రేష్ఠమని తేల్చి, అపార్ట్‌మెంట్‌లో ఇంకొందరు మగాళ్ళని కూడా దింపాడు. మండలం పాటు దీక్ష. మెడలో నీలం కండువా. ఒకరినొకరు స్వామీ అని పిలుచుకోవాలి, పెళ్ళాన్ని మాతా అనాలి. చివర్న సెల్లార్‌లో పూజ చేసి విరమించాలి. నియమం మాత్రం ఒక్కటే, ఫోన్ ముట్టరాదు.

కొంప మునిగింది అక్కడే. మనవాళ్ళకి దేన్నయినా మానమంటే మానడం రాదు, మడి కట్టుకోవడం వచ్చు. ముట్టరాదన్నారు గానీ చూడరాదనలేదు కదా. వినరాదని అసలే అనలేదు. దీక్ష పట్టిన మగాళ్ళందరూ మొదటి పూటే ఆ సందు కనిపెట్టేశారు. పట్టాభి తన ఫోన్‌ని పసుపు గుడ్డలో చుట్టి పూజగదిలో పెట్టాడు. పెట్టేముందు తన కాల్సూ వాట్సాపూ ఫేస్‌బుక్కూ సమస్తం అమల ఫోన్లోకి ఎక్కించాడు. ఇక ఆవిడ పట్టుకుని నిలబడాలి, ఈయన చూడాలి.

"పైకి జరుపు మాతా. ఇంకొంచెం. ఆఁ, ఆగు. ఆ వీడియోకి సౌండు పెట్టు," అనేవాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ. ఆవిడ ఒక చేత్తో పెరుగు వడ్డిస్తూ రెండో చేత్తో ఫోన్ అతని కళ్ళ ముందు పట్టేది. అతను స్నానానికి వెళితే బాత్రూమ్ తలుపు బయట నిలబడి మెసేజీలు చదివి వినిపించేది. ఇదివరకు అతని కళ్ళే ఫోన్లో ఉండేవి. ఇప్పుడు ఆవిడ కళ్ళు కూడా అందులోనే. తన్మయి తన పళ్ళెం తాను కడుక్కుని లేచి వెళ్ళిపోయేది.

ప్లాట్ల వ్యాపారంలో అతని భాగస్వామి బాల్‌రాజ్, అక్కడి భూములవాళ్ళ అబ్బాయి, పొద్దస్తమానం ఆవిడకే ఫోన్ చేసేవాడు.

"వదినా, జర అన్నకు చెప్పుర్రి, పార్టీ ఒచ్చి కూసున్నది. ఈస్ట్ ఫేసింగ్ ఉన్నదా లేదా అడుగుతున్నరు."

"ఏవండీ, ఈస్ట్ ఫేసింగ్ ఉందా అంటున్నారు."

"లేదు గానీ ఉందని చెప్పు మాతా."

"ఉందంటున్నారు."

"గీ దీక్షేందో ఏమో వదినా, అన్న మంచిగున్నడు, మీకే పరేషాన్ అయితున్నది," అని నవ్వేవాడు బాల్‌రాజ్. అమలకి నవ్వొచ్చేది కాదు. ఒళ్ళు మండేది.

అన్నిటికంటే మండేది సాయంత్రం స్టేటస్ దగ్గర. ఫోన్ లేని జీవితంలో పిచ్చుకల కిలకిలలు వినబడుతున్నాయని అతను చెప్పడం, ఆవిడ కొట్టడం. పెట్టిన దగ్గర్నుంచి ఎంతమంది చూశారు, ఫలానావాడు చూశాడా, చూసి ఏమీ అనలేదా అని ఒకటే ఆరా. చూడకపోతే ఫోన్ మానిన ఫలం దక్కదన్నట్టు ఉండేది వ్యవహారం. పిచ్చుకలు ఆ వీధిలో ఉన్నాయో లేదో ఎవరూ అడగలేదు.

ఇదంతా ఆవిడ పళ్ళ బిగువున భరించేదేమో గానీ, ఆ ఫోన్‌తో తనకీ ఒక అవసరం పడింది. పెళ్ళికి ముందు నుంచీ అమల దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షల పిల్లలకి లెక్కలు చెప్పేది. తన్మయి కడుపున పడ్డాక మానేసింది. మళ్ళీ చేరతానన్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి అడ్డం పడేది. ఇన్నాళ్ళకి అక్కడి లెక్కల మాస్టారు బ్యాచ్ మధ్యలో మానేశాడని తెలిసి, సెంటర్ నడిపే జోగారావుని అడిగింది. "శనివారం సాయంత్రం ఐదింటికి నేనే చేస్తానమ్మా. ఒక లెక్క ఇస్తాను, పిల్లలకి చెప్పినట్టు చెప్పండి. వినగానే తేల్చేస్తాను. మీరు ఎత్తకపోతే ఇంకొకావిడ ఉన్నారు," అన్నాడాయన. మాట కరుకే గానీ మనిషి అన్నంత పనీ చేస్తాడు. అమల ఆ వారమంతా ఆ ఒక్క ఫోన్ కోసం బతికింది.

ఖర్మ కాకపోతే దీక్షా విరమణ కూడా ఆ శనివారమే పెట్టారు. పట్టాభి ప్రసంగం లైవ్ వెళ్ళాలి. వెళ్ళాల్సింది ఆవిడ ఫోన్లోంచే.

"ఐదింటికి నాకు కాల్ వస్తుందండీ. ఉద్యోగం సంగతి. ఆ లైవేదో ఇంకెవరినైనా పట్టుకోమనండి," అంది ముందురోజే.

"దీక్షలో ఉన్నవాడి ఫోన్ ఇల్లాలే పట్టాలి. పరాయివాళ్ళు పట్టకూడదని గురుస్వామి చెప్పారు."

"మరి నా కాల్?"

"కట్ చెయ్యి. అవసరమైతే వాళ్ళే చేస్తారు," అని అద్దంలో కండువా సవరించుకున్నాడు.

శనివారం సెల్లార్‌లో కార్లన్నీ బయట పెట్టించి కుర్చీలు వేశారు. పట్టాభి మైకు ముందు నిలబడ్డాడు. అమల ఎదురుగా ఫోన్ ఎత్తి పట్టుకుంది. అతను మొదలుపెట్టాడు: ఫోన్ మనిషిని మనిషికి దూరం చేస్తోంది, నేను ఈ మండలంలో నా భార్యనీ బిడ్డనీ కొత్తగా చూశాను, అని. అమల వింటున్నవాళ్ళ వైపు చూసింది. ముందు వరసలో బాల్‌రాజ్, అతని వెనక దీక్ష పట్టిన స్వాముల పెళ్ళాలు, అందరూ తలలు వంచుకుని తమ ఫోన్లలో ఆ లైవే చూస్తున్నారు. పట్టాభి వాళ్ళకి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అతన్ని నేరుగా చూసేవాళ్ళు ఒక్కళ్ళూ లేరు.

సరిగ్గా అప్పుడు చేతిలో ఫోన్ మోగింది. తెర మీద జోగారావు పేరు.

పట్టాభి మాట ఆపకుండానే వద్దని చెయ్యి ఊపాడు. ఇది పోతే ఇక రాదు. అమల కాల్ ఎత్తేసి మెట్ల వైపు నడిచింది. వెనక బాల్‌రాజ్ గొంతు వినబడింది.

"అన్నా, లైవ్ బందయింది. జర ఆగు, మళ్ళ ఒచ్చినంక చెప్పు."

మొదటి అంతస్తు వరండాలో నిలబడి వింది. "ఒక పంపు తొట్టిని మూడు గంటల్లో నింపుతుంది. ఇంకొకటి ఆరు గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ ఒకేసారి తిప్పితే ఎప్పటికి నిండుతుంది? లెక్కలంటే భయపడే పిల్లకి చెప్పండి," అంటున్నాడు జోగారావు.

ఆవిడ నోరు తెరిచేలోగా పట్టాభి మెట్లెక్కి వచ్చేశాడు. "ఏం చేస్తున్నావే? ఇటివ్వు," అని ఫోన్ మీదికి చెయ్యి చాచాడు. మాతా గీతా ఏమీ లేదు. ఆ వెనకే త్రినాథరావు, ఆయన వెనక నలుగురు నీలం కండువాల స్వాములు.

అమల కదల్లేదు. "ఇంకా విరమణ కాలేదు. ముట్టుకుంటారా?" అని నెమ్మదిగా అడిగింది.

ఆ చెయ్యి గాల్లో ఆగిపోయింది. పట్టాభి గురుస్వామి వైపు చూశాడు. గురుస్వామి గొంతు సవరించుకుని, నియమం నియమమేనన్నాడు. ఇంతమంది చూస్తుండగా దీక్ష చెడగొట్టుకునే ధైర్యం పట్టాభికి లేదు. అతను భార్య మాటకి ఏనాడూ ఆగలేదు, జనం చూపుకి మాత్రం ఠక్కున ఆగాడు.

"చెప్పండమ్మా," అంటున్నాడు జోగారావు.

"భయం లేదమ్మా, గంటలో ఎంతొచ్చింది, ఎంత పోయింది, అదొక్కటే చూడు," అని మొదలుపెట్టింది అమల, అక్కడ ఎవరూ లేనట్టే. "తొట్టిని ఆరు వాటాలనుకో. గంటకి రెండు వాటాలు వస్తాయి, ఒకటి పోతుంది. మిగిలేది ఒకటి. ఆరు వాటాలూ నిండాలంటే ఆరు గంటలు." జోగారావు ఇంకొకటి ఇచ్చాడు. అదీ చెప్పింది. మొదట్లో తడుముకుంది గానీ తర్వాత పాత దారి దొరికింది. మధ్యలో ఎవరూ పైకి జరపమనలేదు.

"సోమవారం పొద్దున్న వచ్చేయండి," అన్నాడు జోగారావు.

ఫోన్ పెట్టేసి తలెత్తింది. కళ్ళు చెమర్చాయి. అంత పెద్ద సంగతి చెప్పుకోవడానికి ఎదురుగా మొగుడున్నాడు కదా అనుకుంది, ఎంతైనా.

"అయిందా? లైవ్ పెట్టు, జనం వెళ్ళిపోతున్నారు," అన్నాడు పట్టాభి.

ఎవరు చేశారని లేదు, ఏమన్నారని లేదు. అమలకి ఏడుపు ఎక్కడికక్కడ ఆరిపోయింది.

"నాకు ఉద్యోగం వచ్చిందండీ," అంది.

"సరే, సంతోషం. లైవ్ పెట్టు."

అమల అలవాటు ప్రకారం ఫోన్ అతని కళ్ళ ముందు పట్టుకుంది. అతను చూస్తుండగానే వాట్సాప్ తీసేసింది. ఫేస్‌బుక్‌లో అతని పేరు తీసేసింది. "ఏయ్, అదేంటి, ఆగు," అంటున్నాడతను, చేతులు వెనక్కి కట్టుకుని. ఆవిడ తీసేయాల్సినవన్నీ తీసేసి, ఫోన్ ఒకసారి చీర కొంగుతో తుడుచుకుంది. అందులో ఇప్పుడు తన్మయి ఫోటో, నాలుగైదు నంబర్లు, జోగారావు కాల్, అంతే ఉన్నాయి. అది ఆవిడ ఫోను. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆవిడకే గుర్తు లేదు.