మేడ మీద చేపల బజారు

చేపను పట్టుకుని పేరమ్మ మళ్ళీ మెట్లు దిగింది. కింద, చేప కొనడానికొచ్చిన మార్తమ్మ గొడుగు ఊతగా నిలబడి ఉంది. మోకాళ్ళు వంగని మనిషి, మేడ ఎక్కలేదు. బొచ్చె చేప మొప్పలు ఎత్తి చూసి, "ఇదే కొట్టియ్యవే, చిన్న ముక్కలు" అంది. దాన్ని కోయడానికి పేరమ్మ మళ్ళీ పైకెక్కింది.

ఈ కొత్త మార్కెట్టుకి ప్లాను గీసిన మహానుభావుడు చేపల పులుసు తినే ఉంటాడు, చేప కోసే మనిషిని మాత్రం చూసి ఉండడు. కింద షట్టర్ల కొట్లు, మేడ మీద చేపలు. గట్లు రొమ్మెత్తున కట్టారు, నిలబడి అమ్మాలట. కత్తిపీట మీద కాలు వేసి, కూర్చుని, రెండు చేతులా అదిమితేనే చేప తెగుతుంది. గట్టెక్కి కూర్చుందామంటే పీటకే చోటు చాలదు. అందుకని పేరమ్మ గట్టు వెనక నేల మీద కూర్చుంటోంది, కొనేవాళ్ళకి కనబడదు. కొళాయి ఉంది గానీ నీళ్ళు మేడ దాకా ఎక్కవు.

పాత బజారులో శౌరయ్య కిరాణా కొట్టు ముందు కూర్చునేది. చేప కొన్నవాళ్ళు ఆయన దగ్గరే చింతపండు కొనేవాళ్ళు. ఆయన చెంబుతో నీళ్ళు పోస్తే ఆమె ముక్కలు కడిగేది. ఈస్టరు ముందొచ్చే తపస్సుకాలం శుక్రవారాల్లో, మాంసం ముట్టని క్రైస్తవుల బేరాలతో ఇద్దరికీ ఊపిరి సలిపేది కాదు. అయినా నీచు వాసన, ఈగలు అంటూ బుట్టలవాళ్ళని పంపెయ్యమని అర్జీ పెట్టిన కొట్లవాళ్ళలో శౌరయ్యా ఉన్నాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. ఇవాళ తపస్సుకాలం శుక్రవారమే. కొత్త షట్టరు కింద ఆయన ఈగలు తోలుకుంటున్నాడు.

"కడగలేదేంటే? నెత్తురోడతన్నయ్" అంది మార్తమ్మ, పేరమ్మ కోసి తెచ్చిన ముక్కలు చూసి.

"పైన నీళ్ళు లేవమ్మగారూ."

పేరమ్మకి ఏడుపొచ్చింది. పైన ఐసు కరిగిపోయింది, సగం బుట్ట అలాగే ఉంది. ఇది అమ్ముడై డబ్బు చేతికొస్తేనే రేపు కొల్లేటి నుంచి చేపలు తెచ్చే లారీ దగ్గర సరుకు దొరుకుతుంది, లేకపోతే రేపటి నుంచి బజారే లేదు. పైకి వెళ్ళి, బుట్టా పీటా దింపుకొచ్చి, శౌరయ్య కొట్టు ముందు కూలబడింది.

శౌరయ్య కంగారుపడ్డాడు. "ఇక్కడొద్దు పేరమ్మా. సాయంత్రం కొట్టెనకమాల కూకో, ఎవురూ చూడరు."

"ఎనకమాల అమ్మటానికి ఇది దొంగసరుకా శౌరయ్యగారూ?"

ఇంతలో మార్కెట్టు జవాను కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "ఏమే, పైన నీకు గట్టు ఇయ్యలా? లే! ఎక్కు పైకి. లేకపోతే బుట్ట పట్టుకుపోతా."

పేరమ్మకి భయమేసింది. ఇరవై ఏళ్ళుగా లెమ్మన్నప్పుడల్లా లేచిన మనిషి.

"ఎక్కను" అంది.

పీట మీద కాలు వేసి కొరమీనును కత్తికి ఆనించింది. జవాను బుట్ట అంచు పట్టుకున్నాడు. మార్తమ్మ గొడుగు మీద ఆనుకుని నడుం వంచి, తన ముక్కల గిన్నె పీట పక్కన పెట్టింది.

పేరమ్మ తలెత్తకుండానే అంది: "శౌరయ్యగారూ, నీళ్ళు పొయ్యండి."

జవాను ఆయన వైపు తిరిగి చూశాడు. శౌరయ్య లోపల్నించి చెంబు నిండా నీళ్ళు తెచ్చాడు గానీ, గుమ్మం దాటకుండా అక్కడే నిలబడ్డాడు.